మలక్‌పేట తడకల గుడిసెలో చదివిన పుస్తకాలు

ఎలుక పారిపోలేదు. నాకు భయం పుట్టింది అక్కడే. గోడ అల్మార కింద నుంచి బయటికి వచ్చి, ఎండ పరుచుకున్న వాకిట్లోకి, నేనూ పిల్లలిద్దరూ చూస్తుండగానే తాగినవాడిలా తూలుతూ నడిచింది. మా పెద్దవాడు చప్పట్లు కొట్టి అదిలించాడు. అది తల కూడా తిప్పలేదు. చిన్నది కిలకిల నవ్వుతూ దాని వెనకే అడుగులు వేసింది. కుడితి గోళెం దాకా పోయి, తన చుట్టూ తాను ఒకసారి తిరిగి, పక్కకు ఒరిగి పడిపోయింది ఎలుక. మనిషిని చూసి పారిపోని ఎలుకంటే ఏమిటో ఆ కాలంలో మా గల్లీలో అక్షరం రానివాళ్ళకి కూడా తెలుసు. ప్లేగు. చిన్నదాన్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగాను. ఎంత గట్టిగా లాగానో ఏమో, కనిపించిన వాళ్ళందరికీ "అమ్మ నన్ను కొట్టింది" అని చాలా రోజులు చెప్పుకుంది.

ఇదంతా ఈ రాత్రి గుర్తుకు రావడానికి కారణం ఇవాళ గ్రంథాలయంలో జరిగిన చిన్న సంగతి. మా తెలుగు గ్రంథాలయం నది అవతల ఉంటుంది. ఈమధ్య నేనే వెళ్ళి పుస్తకాలు తెచ్చుకుంటున్నాను. ఈ వారం నక్షత్రాల గురించి ఒకటి, ఒక నాటకం, తోటపని గురించి ఒకటి తీశాను. అలవాటు ప్రకారం ఒక్కొక్కటీ వెనక నుంచి తెరిచి, చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకున్నాను. అక్కడ కూర్చునే పెద్దాయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, "అందరు మొదటి పేజీ చూసి తీస్కపోతరు, మీరేందమ్మా ఆఖరు పేజీ చూస్తరు? ముందే తెలిస్తే ఇంక మజా ఏముంటది?" అన్నారు. "చదువుతలేను సార్, ఉన్నదా లేదా చూస్తున్న, అంతే" అన్నాను. "తోటపని పుస్తకానికి గూడనా?" అని నవ్వారు. ఇంటికి వచ్చి, వంట ముగించి, పిల్లల్ని పడుకోబెట్టి, వాళ్ళ నుదుళ్ళు ముట్టుకుని చూశాక (ఇది కూడా అలవాటే) కందీలు దీపం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. నక్షత్రాల పుస్తకం తెరవనే లేదు. నా మనసు మలక్‌పేటకు పోయింది.

మా అత్తమ్మది పాల వ్యాపారం. హుస్సేనీ ఆలంలో ఇంటి వెనక బర్రెలు, ఇంటి ముందు మేము. పెళ్ళిచూపుల్లో మా నాన్న గర్వంగా "మా అమ్మాయి కాలేజీ చదివింది" అని చెబితే, అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసి "బర్రెలకు భయపడ్తదా?" అని మాత్రం అడిగింది. భయపడ్డాను. పెద్దవాడు పుట్టేదాకా భయపడుతూనే ఉన్నాను. కాలేజీలో నా చదువంతా ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ సాగింది. తెలుగు మాత్రం నాన్న పక్కన కూర్చుని పలక మీద దిద్దుకున్నది. అందుకేనేమో తెలుగు పుస్తకం చేతికొస్తే ఇప్పటికీ పుట్టింటికి పోయినట్టుంటుంది. మా ఆయన రైల్వే దఫ్తరు నుంచి వస్తూ సైకిలు వెనక కట్టుకుని పుస్తకాలు తెచ్చేవారు. ఎంచడం ఆయనకు రాదు. కూరగాయలు తెచ్చినట్టే తెచ్చి, గుమ్మంలో దించి, "గివే జర తాజాగ కనవడ్డయి" అనేవారు.

అత్తమ్మకు చదవడం రాదు. వినడం మాత్రం బాగా వచ్చు. పాలు పోసి వచ్చి, అన్నం తిన్నాక, "ఏది, తియ్యి పిల్లా" అని కూర్చునేది. అలా ఉత్తినే కూర్చోవడం కాదు. కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, దీపం వెలిగించాలి, పుస్తకానికి కుంకుమ బొట్టు పెట్టి కళ్ళకద్దుకోవాలి. వాళ్ళ పుట్టింట్లో పురాణం చదివించే పద్ధతి అది. ఒకసారి మొదలుపెడితే ముగించకుండా నడుమ వదిలెయ్యకూడదు. ఆపితే ఇంటికి కీడు. చివరి మాట చదివాక హారతి పాడి బెల్లం పంచాలి. "అత్తమ్మా, ఇది పురాణం గాదు, దొంగల కథ" అని మొదట్లో చెప్పి చూశాను. "పుస్తకమంటే పుస్తకమే. దొంగలదైతేంది, దొరలదైతేంది? దీపం వెట్టి సదివినంక ముగించాలె" అన్నది. అందువల్ల మా ఇంటి మీదుగా పోయిన ప్రతి డిటెక్టివ్ నవల అట్ట మీదా కుంకుమ మరక ఉండేది. గ్రంథాలయం పెద్దాయన వాటిని చూసి ఒకసారి మా ఆయనతో, "మీ ఇంట్ల పుస్తకాలకు మంచి మర్యాద జరుగుతున్నది సాబ్" అన్నారట.

ఎలుక పడిన రోజు అలాంటి నవలే ఒకటి సగంలో ఉంది. సాయంత్రానికల్లా మా గల్లీ గల్లీ అంతా కదిలింది. అప్పటి రివాజు అదే: ఇంట్లో ఎలుకలు రాలితే ఇల్లు వదిలి ఊరి బయట మైదానాల్లో గుడిసెలు వేసుకోవడం, ఇంటికి మందు కొట్టించి, మళ్ళీ పొమ్మన్నప్పుడు పోవడం. మా వాళ్ళంతా మలక్‌పేటలో గుర్రప్పందాల మైదానం దాటి దిగాలనుకున్నారు. బండి మీద మంచాలు, గిన్నెలు, జొన్నల బస్తా ఎక్కాయి. కాలేజీలో నేర్చిన జ్ఞానంతో ఎలుకల మీద ఉండి ప్లేగును మోసే పురుగుల గురించి భయపడి, పుస్తకాలన్నీ ముందే మిద్దె మీద ఎండలో దులిపి ఆరబెట్టాను. వాటిని అక్కడే వదిలేద్దామనుకున్నాను. అత్తమ్మ ఊరుకోలేదు. "మంచం తర్వాత, ముందుగాల గా సగం సదివిన పుస్తకం ఎక్కియ్యి" అని మా ఆయనను పురమాయించింది. "అవ్వా, ఊరంత పానం అర్చేతుల వెట్టుకొని ఉర్కుతుంటే నీకు దొంగెవడో కావాలెనా?" అన్నారాయన. "దొంగెవడైతే నాకేందిరా? గా పిల్ల దొరికిందా లేదా, గది కావాలె" అన్నది. ఒకటి ఎక్కితే మిగిలినవి ఎందుకు ఆగాలని నేను ఇంకో మూడు వేపాకుల మధ్య పెట్టి జొన్నల బుట్టలో దోపాను. ముందు బర్రెలు, వాటి వెనక బండి, దాని వెనక మేము. చార్మినార్ దగ్గర జనం మా వైపు చూసి పక్కకు తప్పుకున్నారు. మమ్మల్ని చూసి జనం అలా తప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

తడకలతో కట్టిన గుడిసె. పైన తాటాకు, తలుపు బదులు గోనెపట్టా. పొద్దున్నే దూరాన గుర్రాలను తిప్పేవాళ్ళు. పెద్దవాడికి ఆ గుర్రాలు కనిపిస్తే చాలు, ప్లేగు పండుగలా ఉండేది. నాకు మాత్రం ఆ నాలుగు పుస్తకాలే ఊరూ వాడా అయ్యాయి. వాటిలో ఒకటి శిశుపోషణ గురించి ఒక డాక్టరు రాసిన పుస్తకం. అంత ధైర్యవంతుణ్ణి నేను ఎక్కడా చూడలేదు. ఏ జబ్బు చెప్పినా చివర "తల్లి కలత చెందరాదు" అనే రాస్తాడు. పిల్లల్ని ఎక్కువగా ఎత్తుకోరాదు, ఏడిస్తే ఏడవనివ్వాలి, గడియారం ప్రకారం పాలివ్వాలి. ఆయన పిల్లల్ని ఎవరు పెంచారో అడగాలనిపించేది. అయినా ఆ పుస్తకం నాకు ఇష్టం. నా భయాలన్నిటికీ అందులో ఒక్కో పేరుంది, పేరున్న భయం కాస్త చిన్నదవుతుంది. రెండోది బర్మాకు ఓడలో పోయిన ఒక వ్యాపారి రాసుకున్న ప్రయాణం. సముద్రం గురించి ఒక్క ముక్క, భోజనం గురించి పది ముక్కలు. ఏ రేవులో ఏ పచ్చడి దొరకలేదో చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేస్తాడు. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తింటూ ఆ పుస్తకం చదివి నేను రంగూన్ దాకా పోయి వచ్చాను. మూడోది నా కాలేజీ స్నేహితురాలు ఇచ్చిన ఉర్దూ నవల. నాయిక మొదటి అధ్యాయంలోనే దగ్గుతుంది, కాబట్టి చివరికి ఏమవుతుందో తెలిసిపోతుంది. అయినా ఆమె రాసే ఉత్తరాలు ఎంత బాగుంటాయంటే, ఇంకో అధ్యాయం దగ్గితే బాగుండునని స్వార్థంగా అనుకున్నాను.

నాలుగోది డిటెక్టివ్ నవల. పెళ్ళింట్లో సందడి మధ్య ఒక చిన్న పిల్ల మాయమవుతుంది. పట్నం నుంచి డిటెక్టివ్ వస్తాడు, కాఫీ తాగుతాడు, ఆలోచిస్తాడు, మళ్ళీ కాఫీ తాగుతాడు. కోస్తా వైపు అచ్చయిన పుస్తకం కనుక అందులో అందరూ ఒకరినొకరు అండీ అండీ అని పిలుచుకుంటారు. "దొంగను గూడ గారూ అంటరేందే వీళ్ళు?" అని అత్తమ్మ విస్తుపోయేది. గుడిసెల్లోకి వచ్చాక మాకు ఇంకో శ్రోత దొరికింది. పక్క గుడిసెలో మా గల్లీలోనే బట్టలు కుట్టే ముసలామె దిగింది. పిన్ని అన్నట్టు, అందరం ఆమెను ఖాలా అనేవాళ్ళం. మధ్యలో తడక ఒక్కటే అడ్డం. ఆమె పరదా దాటి రాదు, కానీ తడక ఆ పక్కన చాప వేసుకుని కూర్చుని, కుట్టుకుంటూ వినేది. తెలుగు బాగానే అర్థమయ్యేది, జవాబు మాత్రం దక్కనీలో చెప్పేది. ఆమెకు పిల్ల మేనమామ మీద అనుమానం. "ఓ మామూచ్ చోర్ హై, దేఖ్ లేనా" అనేది. అత్తమ్మకు వంటవాడి మీద. "మామ గాదు, గీ వంటాయన. పెండ్లింట్ల పాయసం తక్కువైనప్పుడే నాకు తెలిసింది" అనేది. డిటెక్టివ్ మీద మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. "గా కాఫీ ఆపి పిల్లను దేవులాడుమను" అని ఈమె, "హౌ, సచ్ బోలీ" అని తడక వెనక నుంచి ఆమె.

ఒకరోజు ఇంకా ఎంత మిగిలిందో చూద్దామని వెనక నుంచి తిరగేశాను. పుస్తకం వాక్యం మధ్యలో తెగిపోయింది. "డిటెక్టివ్ తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల" అని ఉంది. ఆ తర్వాత అట్ట. మిగిలిన కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఈ సంగతి అత్తమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. మా ఆయనతో గుట్టుగా చెప్పి, గ్రంథాలయంలో ఇంకో ప్రతి ఉందేమో చూడమన్నాను. అప్పటినుంచి చదవడం నెమ్మది చేశాను. చదివిన పేజీనే మళ్ళీ చదివినా వాళ్ళు పట్టించుకోలేదు. వంటవాణ్ణి తిట్టడానికి అత్తమ్మకు ఇంకో అవకాశం దొరికేది. మా ఆయన రెండోసారి కూడా ఉత్తచేతులతో వచ్చారు. "లేదంట. ఉన్నదే గదొక్కటంట. ఏదో ఒకటి చెప్పెయ్యరాదు, అవ్వకేం తెలుస్తది?" అన్నారు. దీపం వెలిగించి కూర్చున్న మనిషికి లేనిది చదివి చెప్పడం నాకు సమ్మతం కాలేదు.

అప్పుడు చిన్నదానికి జ్వరం వచ్చింది. మొదట జలుబులా మొదలైంది. కళ్ళు ఎర్రబడ్డాయి, ఒళ్ళు పెనంలా కాలింది. నేను మాటిమాటికీ దాని చంకల్లో, గజ్జల్లో వేళ్ళతో తడిమి చూశాను. బిళ్ళ కట్టిందంటే ప్లేగన్నమాట. తడిమి తడిమి, ఉన్నట్టే అనిపించేది. మళ్ళీ తడిమితే లేనట్టు ఉండేది. వరస చివరి గుడిసెలో ఒక పిల్లవాడికి అలాగే జ్వరం వస్తే బండి వచ్చి దవాఖానాకు తీసుకుపోయింది. తల్లిని లోపలికి రానివ్వరు. ఆ గుడిసె అప్పటినుంచి ఖాళీగానే ఉంది, గోనెపట్టా గాలికి కొట్టుకుంటూ. డాక్టరు పొద్దున తప్ప రాడు. దాచేద్దామా అని ఒక క్షణం అనుకున్నాను. ఇంకో క్షణం, దాచితే పెద్దవాడికి అంటుకుంటే? మా ఆయన ఆ రోజు డ్యూటీలో చిక్కుకుపోయారు. శిశుపోషణ పుస్తకం తెరిచాను. జ్వరం పేజీలో కూడా తల్లి కలత చెందరాదనే ఉంది. మొదటిసారి ఆ డాక్టరు మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

పొద్దు గూకుతుండగా అత్తమ్మ బర్రెలను కట్టేసి వచ్చింది. చిన్నదాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, బయటికి పోయి కాళ్ళు కడుక్కుంది. దీపం వెలిగించింది. "పుస్తకం తియ్యి" అన్నది.

"అత్తమ్మా, పిల్ల గిట్ల పడి ఉంటే పుస్తకమా?"

"అందుకే తియ్యమంటున్న. గన్ని దినాలు సాగదీసినవు. నడుమల ఉన్నది, గదే నాకు ఫికర్. ఇయ్యాల ముగించు."

నాకు ఆ నమ్మకం లేదు. బ్యాక్టీరియా బొమ్మను కాలేజీలో నా చేతులతో గీశాను. అయినా పుస్తకం అందుకున్నాను. ఆ క్షణంలో ఎవరైనా గుర్రపు నాడాకు దండం పెట్టమన్నా పెట్టేదాన్ని. చిన్నదాని తల తొడ మీద పెట్టుకుని, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, మిగిలి ఉన్న నాలుగు పేజీలూ చదివాను. పెద్దవాడు నా వీపుకు ఆనుకుని కూర్చున్నాడు. తడక అవతల కుట్టు చప్పుడు ఆగిపోవడం తెలిసింది. డిటెక్టివ్ తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల. ఆగిపోయాను.

"ఆఁ, లోపల?" అన్నది అత్తమ్మ.

"అందర్ క్యా హై బేటీ?" అన్నది ఖాలా.

ఇద్దరు ముసలివాళ్ళు, ఒక పిల్లవాడు నా మాట కోసం కాచుకుని ఉన్నారు. లోపల ఏముందో చెప్పాల్సింది నేనే. లోపల ఏమీ లేకపోవచ్చు. తలుపు తీస్తే ఖాళీ గది ఉండొచ్చు. డిటెక్టివ్ నవలల్లో అలాంటివి చాలా చదివాను. అట్ట లోపలి ఖాళీ కాగితాన్ని చూస్తూ చదవడం మొదలుపెట్టాను. లోపల దీపం ఉన్నది. మంచం ఉన్నది. మంచం మీద పాప కూర్చుని పాలల్ల రొట్టె అద్దుకొని తింటున్నది. పక్కన ఒక ముసలామె ఉన్నది. ఆమెకు పిల్లలు లేరు, పెండ్లింట్ల ఏడుస్తుంటే ఎత్తుకుని పోయింది, ముద్దొచ్చి దాచుకున్నది. డిటెక్టివ్ చెయ్యి చాపి రా బిడ్డా, మీ అమ్మ సూస్తున్నది అన్నడు. పాప లేచి వచ్చింది. తల్లి ఒళ్ళంత తడిమి చూసుకున్నది, ఏం దెబ్బ లేదు, ఒళ్ళు సల్లగ ఉన్నది. ఇంటికి తోల్కపోయింది. ఆ మాట దగ్గర ఆపి పుస్తకం మూశాను.

"మరి వంటాయన?" అన్నది అత్తమ్మ.

"వంటాయన ఏం చెయ్యలే."

"అయ్యో, గన్ని దినాలు ఆయనను ఎంత తిట్టిన."

"మామూ భీ నై?" అని తడక వెనక నుంచి నిరాశ వినిపించింది. ఆ వెంటనే, "ఛోడో. బచ్చీ మిల్ గయీ, బస్" అని ఒక నిట్టూర్పు. అత్తమ్మ కర్పూరం వెలిగించి, సన్నని గొంతుతో హారతి పాడింది. బెల్లం ముక్క మొదట చిన్నదాని పెదవులకు తాకించి, తర్వాత పెద్దవాడికి, నాకు ఇచ్చి, ఇంకో ముక్క తడక సందులోంచి అవతలికి అందించింది. కందీలు ఒత్తి తగ్గిస్తూ, నా వైపు చూడకుండానే అన్నది: "గా డిటెక్టివ్ ఇన్ని దినాలు అండీ అండీ అనుకుంట తిరిగిండు. ఆఖరికి మన మాట మంచిగనే నేర్చిండు." నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ముగిసింది గదా, పండుకో" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఆమె చేతికి పాల వాసన. పెళ్ళయినప్పటి నుంచి నాకు సరిపడని వాసన అది. ఆ రోజు ఆ చెయ్యి తీయకుండా ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

తెల్లారేసరికి చిన్నదాని చెవుల వెనక, మెడ మీద, ఎర్రని చిన్న చిన్న పొక్కులు లేచి ఉన్నాయి. డాక్టరు గోనెపట్టా ఎత్తి లోపలికి వంగి, చంకలూ గజ్జలూ చూసి, నోరు తెరిపించి చూశాడు. "ఖస్రా హై అమ్మా. తట్టు. ప్లేగు నై. గాలి తగల్నియ్యకుండ్రి, మంచిగ తాగించుండ్రి" అని చెయ్యి కడుక్కుని పక్క గుడిసెకు పోయాడు. తట్టు కూడా తేలిక జబ్బు కాదు, శిశుపోషణ పుస్తకంలో దానికీ పెద్ద అధ్యాయమే ఉంది. కానీ బండి మా గుడిసె ముందు ఆగలేదు. అత్తమ్మ బయట కూర్చుని బర్రె పొదుగు కడుగుతూ ఎవరికీ వినబడకుండా ఏడ్చింది.

నేను పాలు కాచి తెచ్చేసరికి పెద్దవాడు చెల్లెలి పక్కన కూర్చుని ఆ పుస్తకం చివర తెరిచి, కూడబలుక్కుని చదువుతున్నాడు. అప్పుడప్పుడే అక్షరాలు కలపడం వచ్చింది వాడికి. "అమ్మా, 'లోపల' అన్నకాడ్నే అయిపోయింది. నువ్వు బాపమ్మకు సదివింది ఇండ్ల లేదు" అన్నాడు. చిన్నది వాచిన కళ్ళు సగం తెరిచి, "అయితే గా పిల్ల ఇంటికి రాలేదా?" అని అడిగింది. దాని గొంతు అంతకు ముందు రోజంతా వినిపించలేదు నాకు. ఇద్దరూ నా జవాబు కోసం చూస్తున్నారు. బయట గుర్రాలు తిరుగుతున్న చప్పుడు. నేను వాళ్ళ మధ్య కూర్చుని, గ్లాసులో పాలు అటూ ఇటూ పోసి చల్లారుస్తూ చెప్పాను:

"పేజీలు లేవు బిడ్డా, నిజమే. పిల్ల ఇంటికొచ్చిందని నిన్న నేనే చెప్పిన. ఇయ్యాల్టి కథ ఇంక ఎవలు రాయలే, ఏమైతదో పొద్దు గూకేదాక మనమే సూడాలె. ముందుగాల పాలు తాగుండ్రి."